పల్నాటి యుద్ధం మీద నవల రాస్తున్న మేనల్లుడికి

చిరంజీవి రఘూ,

నువ్వు పంపిన చాప్టర్లు చదివాను. వాక్యం బాగా నడిచింది, దాని గురించి టెన్షన్ పడకు. నాకు నచ్చనిదల్లా ఒకటే, నాగమ్మ కథలో నోరు విప్పకముందే ఆమె దుర్మార్గురాలని నువ్వు తేల్చేశావు. 1966 సినిమాలో నాగమ్మగా భానుమతి గారిని చూసి పెరిగిన ఇంట్లో పుట్టావు కదా, అలా రావడం సహజమే. అయినా నవల రాసేవాడు ముందు అడగాల్సింది, ఈ యుద్ధాన్ని ఇన్నాళ్లూ గుర్తుపెట్టుకున్నది ఎవరు అని. నాగమ్మతో తలపడిన మాచర్ల పక్షం వాళ్లు. కారెంపూడిలో పడిపోయిన వీరులకి గుడి ఉంది, పాట ఉంది, ఏటా తిరునాళ్లు ఉన్నాయి. నాగమ్మ ఉన్న గురజాల పక్షాన అలా పాడేవాళ్లు లేరు. అంటే నాగమ్మ గురించి మనకి తెలిసినదంతా దాదాపు ఆమె శత్రువులు చెప్పిందే. ఎక్కడో కరీంనగర్ వైపు ఆరవెల్లిలో పుట్టిందంటారు, అక్కణ్ణించి వచ్చిన ఆడమనిషి పన్నెండో శతాబ్దంలో నలగామరాజుకి మంత్రి అయిందంటే ఆమె తెలివి ఎంతటిదో, ఆమె మీద ఎంతమందికి కడుపుమంట ఉండేదో నువ్వే ఊహించు. ఆమెను మంచిదాన్ని చెయ్యమనడం లేదు, ఆమె లెక్క ఆమెను చెప్పుకోనివ్వు, చాలు.

కోడిపందెంతో యుద్ధం వచ్చిందని రాసి ఊరుకోకు. పందెం సాకు మాత్రమే. నలగాముడు, మలిదేవుడు ఒకే తండ్రి అనుగురాజు కొడుకులు, తల్లులు వేరు. రాజ్యం పంచుకుని నలగాముడు గురజాలలో, మలిదేవుడు మాచర్లలో కూర్చున్నారు. పందెంలో ఓడి ఏడేళ్లు వలసపోయిన మాచర్ల వాళ్లు గడువు తీరాక మా భాగం మాకివ్వండని అడిగితే ఇవ్వలేదు. దీనికి తోడు శైవం, వైష్ణవం గొడవ. మన ఊళ్లలో అన్నదమ్ముల గట్టు తగాదా కోర్టుకెక్కితే ఎలా ఉంటుందో నీకు తెలుసు, దానికి కత్తులిస్తే ఇదే.

నన్నడిగితే నీ నవలకి గుండెకాయ అలరాజు రాయబారం. మాచర్ల తరఫున సంధి మాట్లాడటానికి వెళ్లిన అలరాజు ఎవరనుకున్నావు, నలగామరాజుకి స్వయానా అల్లుడు. చర్లగుడిపాడు దగ్గర విషం పెట్టి చంపారు. భార్య పేరిందేవి సహగమనం చేసింది. ఆ పిల్ల పుట్టిల్లు గురజాల, మెట్టిల్లు మాచర్ల పక్షం. నువ్వు దీన్ని ఒక పేరాలో దాటేశావు! మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి కత్తి యుద్ధానికి పేజీలకు పేజీలు కేటాయించి ఆమెకి ఒక్క పేరానా? కబురు ఆమెకి ఎవరు తెచ్చారు, తండ్రి మొహం ఆమెకి ఎలా కనబడింది, అదంతా నువ్వు కూర్చుని రాయాలి. ఇరుగుపొరుగు యుద్ధంలో చచ్చేవాడు రెండు వైపులా చుట్టమే, అది పాఠకుడికి ఇక్కడే తెలియాలి.

శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్ర మళ్లీ చదువు. యుద్ధం అయిన రెండొందల ఏళ్లకి పైగా గడిచాక మంజరీ ద్విపదలో రాశాడు, దొరికింది బాలచంద్రుడి భాగమే, 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు అచ్చులోకి తెచ్చారు. అందులో బొంగరాల ఘట్టం చూడు. తల్లి ఐతమ్మ కొడుక్కి యుద్ధం మాట చెవిన పడకుండా కాచుకుంటూ వస్తుంది, ఒకరోజు వాడు ఆడుతున్న బొంగరం వెళ్లి ఒకావిడకి తగులుతుంది, నీ ప్రతాపం ఇక్కడ కాదు కారెంపూడిలో చూపించమని ఆమె ఎత్తిపొడుస్తుంది, అంతే, కుర్రాడు బయల్దేరాడు. నీ రాతలో వాడు మొదటి నుంచీ వీరుడే. కాదురా, మొదట బొంగరం ఆడుకునే పిల్లాడు. వాణ్ణి అలా చూపించాకే పెళ్లాం మాంచాల దగ్గరికి పంపు.

బ్రహ్మనాయుడు కులం చూడకుండా అందర్నీ కలిపి కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు, మాల కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేన అప్పగించాడు, అది ఆ రోజులకి చాలా పెద్ద మాట. కానీ అంతమందిని రణానికి తీసుకెళ్లింది కూడా ఆయనే. ఈ రెండోది అడగడానికి పల్నాట్లో ఇప్పటికీ కొంచెం మొహమాటం ఉంది. నీ పుస్తకంలో ఎవరో ఒకరు ఆయన్ని అడగాలి, కొడుకుని పోగొట్టుకున్న ఐతమ్మయితే మరీ మంచిది.

పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతుల పాట వినకుండా మాత్రం చివరి చాప్టర్లు మొదలుపెట్టకు. ఒకరు పాడినట్టు ఇంకొకరు పాడరు, ఏది అసలుదని వాళ్లతో వాదనకి దిగకు, తేడాలు రాసుకో, నీకు పనికొచ్చేవి అవే. కార్తీక అమావాస్యకి తిరునాళ్లకి కారెంపూడి రా. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, అయిదు రోజులూ ఉండాలి, కోడిపోరు ఒక్కటీ చూసి ఫోటోలు తీసుకుని పోతానంటే అసలు రావద్దు. వీరుల ఆయుధాలు నాగులేట్లో స్నానం చేయించడానికి తెస్తారు, అప్పుడు పక్కనే ఉండి ఏ ఆయుధం ఏ ఊరి నుంచి వచ్చిందో అడుగు. లాడ్జి దొరకదు, మనింట్లోనే ఉండు. అత్తయ్యకి ముందే ఫోన్ చెయ్యి.

మీ మామయ్య