బడి సొమ్ము, విశ్వాసం: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: జీవీఎంసీ (విశాఖ నగర పాలక సంస్థ) హైస్కూల్లో టీచర్ని. పదో తరగతి పరీక్షలకు వెళ్లేముందు పిల్లలే "ప్రేయర్ చెయ్యండి మేడమ్" అని అడుగుతున్నారు. చెయ్యొచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, గాజువాక

జవాబు: తరగతిని కూర్చోబెట్టి చెయ్యకండమ్మా. మీ బడి పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడుస్తోంది. అలాంటి బడిలో మతబోధన ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణ మొదటి క్లాజు చెబుతోంది. పిల్లలు అడిగారన్నా, తల్లిదండ్రులు ఒప్పుకున్నారన్నా అక్కడ చెల్లదు. పైగా మార్కులు వేసే చెయ్యి మీది. అడగని ఇద్దరు పిల్లలు ఆ వేళ ఏం చెయ్యాలో తెలియక బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు. వాళ్లకీ మీరే టీచరు. "మీకోసం ఇంట్లో ప్రార్థన చేస్తాను" అని చెప్పండి. చెప్పినట్టే చెయ్యండి. స్టాఫ్ రూమ్‌లో మీ మట్టుకు మీరు మనసులో ప్రార్థించుకుంటే అది మీ స్వేచ్ఛ.

పాఠంలో క్రీస్తు ప్రస్తావనో, బుద్ధుడి ప్రస్తావనో వచ్చినప్పుడు మాత్రం గొంతు తగ్గించనక్కర్లేదు. మతాల గురించి తెలియజెప్పడం వేరు, ఒక మతాన్ని బోధించడం వేరు. బడి పాఠ్యప్రణాళిక మీద నడిచిన అరుణా రాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు ఈ తేడానే చూపించింది.

ప్రశ్న: మాది ఎయిడెడ్ మిషన్ బడి, అంటే యాజమాన్యం మిషన్‌ది, టీచర్ల జీతాలు ప్రభుత్వానివి. ఉదయం అసెంబ్లీలో కీర్తన పాడిస్తాం. "జీతాలు ప్రభుత్వానివి, పాటలు మీవా?" అని ఒక తండ్రి ఉత్తరం రాశారు. ఆయనకేం చెప్పాలి?
– ఒక ప్రధానోపాధ్యాయుడు, మహారాణిపేట

జవాబు: ముందు ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి. ఆయన అడిగినదాంట్లో సగం న్యాయం ఉంది.

మిషన్ బడుల్లో చాలావాటికి బడి ముందు, గ్రాంటు తర్వాత. మన విశాఖ వన్‌టౌన్‌లో సెయింట్ అలోషియస్ బడి 1847లో మొదలైంది. ప్రైవేటు బడులకు ప్రభుత్వం గ్రాంటు ఇవ్వాలన్న బ్రిటిష్ వాళ్ల విద్యా విధానం, ఉడ్ పత్రం, వచ్చింది 1854లో. ఆ గ్రాంటు అప్పుడూ లౌకిక విద్య కోసమే, మతం కోసం కాదు. ఇప్పుడు మైనారిటీ యాజమాన్యం అన్న కారణంతో ఎయిడ్ విషయంలో వివక్ష చూపకూడదని 30వ అధికరణ రెండో క్లాజు అంటుంది. అది మన క్రైస్తవ బడులకున్న రక్షణ. దాని పక్కనే మన బాధ్యతా ఉంది. 28వ అధికరణ మూడో క్లాజు ప్రకారం ఎయిడెడ్ బడిలో గానీ, గుర్తింపు పొందిన బడిలో గానీ సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధనలో, ఆరాధనలో పాల్గొనేలా చెయ్యకూడదు. మైనరయితే సంరక్షకుడి సమ్మతి కావాలి.

పొరపాటు జరిగేది ఇక్కడే. అడ్మిషన్ ఫారం చివర సన్నటి అక్షరాల్లో "బడి నియమాలన్నిటికీ ఒప్పుకుంటున్నాను" అని రాయించుకుని అదే సమ్మతి అనుకుంటారు. అలా కాదు. ఏటా జూన్‌లో తెలుగులో విడిగా ఒక పేజీ ఇవ్వండి. కీర్తన, బైబిలు పీరియడ్, చాపెల్ మూడూ వేర్వేరు వరుసల్లో ఉండాలి. ప్రతిదానికీ "సమ్మతమే", "వద్దు" అని రెండు గడులు పెట్టండి. వద్దన్న పిల్లలు ఆ పీరియడ్‌లో ఎక్కడ ఉంటారో, ఎవరు చూసుకుంటారో కూడా అందులోనే రాయండి. లైబ్రరీ మంచిది. వరండాలో నిలబెడితే అది శిక్షలా ఉంటుంది. బైబిలు పీరియడ్ చెప్పే మనిషికి యాజమాన్యమే సొంత డబ్బు ఇస్తే ఆ తండ్రి అడిగిన మాటకు సూటిగా జవాబు ఉంటుంది.

ఎయిడ్ తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. 2021లో మన రాష్ట్రంలో ఎయిడెడ్ బడులను ప్రభుత్వంలో విలీనం చేసే మాట రాగానే విశాఖలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఎయిడ్ పోతే భారం ఫీజుల మీద పడుతుంది. మొదట బడి మానేది పేద ఇంటి పిల్లలే.

ప్రశ్న: నేను కన్యాస్త్రీని, ఎయిడెడ్ టీచర్ని. జీతమంతా మా సభకే (మా కన్యాస్త్రీల సంస్థకే) వెళుతుంది. అయినా పన్ను కోస్తారా?
– ఒక సిస్టర్, జ్ఞానాపురం

జవాబు: కోస్తారు. జీతం మీ పేరున వస్తుంది కాబట్టి, తర్వాత అది ఎవరికి ఇచ్చినా జీతం చేతికి రాకముందే పన్ను కోత (టీడీఎస్) తప్పదని 2024 నవంబరులో సుప్రీంకోర్టులో తేలిపోయింది. ఏటా జీతంలో కోసిన పన్నుకు ధ్రువపత్రం తీసుకుని రిటర్ను వేయండి.

ప్రశ్న: మా సంఘం ఆదివారం కానుకల్లోంచి పక్కనున్న ప్రభుత్వ బడికి బెంచీలు, మంచినీళ్ల ఫిల్టరు ఇద్దామనుకుంటోంది. ఎలా ఇవ్వాలి?
– ఒక సంఘ పెద్ద, భీమిలి

జవాబు: మంచి ఆలోచన. ముందు హెచ్చెమ్ (ప్రధానోపాధ్యాయులు) గారిని కలిసి ఏం కావాలో అడగండి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం నుంచి బడి నిర్వహణ ఖర్చులకు కాంపోజిట్ గ్రాంటు వస్తుంది: 31 నుంచి 100 మంది పిల్లలుంటే ఏడాదికి 25,000, 250 వరకు 50,000, వెయ్యి వరకు 75,000 రూపాయలు. అందులో కనీసం పదో వంతు శుభ్రతకు పోవాలి. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్న రిపేర్లు దీంట్లోనే. బెంచీలకు మిగలదు. మీ సాయం అక్కడ అవసరం.

తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో తీర్మానం రాయించండి. నగదు ఏ టీచరు చేతికీ ఇవ్వకండి. సామాను కొని, బిల్లు నకలుతో అప్పగించి, స్టాక్ రిజిస్టరులో ఎక్కించిన పేజీ నంబరు అడిగి తీసుకోండి. రిజిస్టరుకు ఎక్కని బెంచీ హెచ్చెమ్ మారగానే ఎవరిదో తెలియకుండా పోతుంది. సంఘానికి విదేశీ విరాళాలు వస్తుంటే ఆ ఖాతాలోంచి మాత్రం బడికి డబ్బు పంపకండి. విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత ఆ సొమ్మును ఇంకొకరికి బదిలీ చెయ్యడం నిషిద్ధం.

ఇచ్చే రోజున కరపత్రాలు, వాక్యాలు రాసిన క్యాలెండర్లు పంచొద్దు. బెంచీ మీద వచనం రాయించొద్దు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న మాట నమ్మేవాళ్లం, పేరు బోర్డు లేకపోయినా నష్టం లేదు.

భీమిలి గాలికి ఇనుప బెంచీ కాళ్లు కిందనుంచే తుప్పు పట్టడం మొదలవుతుంది. పౌడర్ కోటింగ్ ఉన్నవి, కాళ్లకు రబ్బరు బుష్‌లు ఉన్నవి తీసుకోండి. ఫిల్టరు కొనేముందు నీళ్లు పరీక్ష చేయించండి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే లవణాలను వడగట్టే ఆర్‌ఓ అక్కర్లేదు, క్రిములను చంపే యూవీ ఫిల్టరు సరిపోతుంది. ఆర్‌ఓ పెడితే బోలెడు నీళ్లు వృథాగా పోతాయి. ఏది పెట్టినా క్యాండిళ్లు మార్చే ఖర్చు రెండో ఏడాది నుంచి ఎవరిదో ఆ తీర్మానంలోనే రాయించండి.