వంద పడకలు కట్టే ముందు

డాక్టర్ బాబూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఇరవై పడకల పిల్లల ఆసుపత్రిని వంద పడకలు చేస్తానంటున్నావు, బిల్డింగ్‌కి డబ్బిచ్చే దాత కూడా దొరికాడన్నావు. చాలా సంతోషం. నేను నలభై ఏళ్లు పిల్లల వార్డుల్లోనే నర్సుగా చేశాను, అందులో సగం ధర్మాసుపత్రిలోనే, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, నచ్చకపోయినా చివరిదాకా చదువు.

ముందు పోయిన ఏడాది కేసు షీట్లన్నీ తీయించు. జబ్బు తగ్గకముందే డిశ్చార్జ్ అడిగి వెళ్లిపోయిన పిల్లలు ఎందరో, ఎందుకు వెళ్లారో ఒక నోట్‌బుక్‌లో రాయి (డాక్టరు వద్దన్నా వెళ్లిపోయారని షీటు మీద 'లామా' అని రాసి వదిలేస్తాం కదా, అవే). ఆ లెక్క తేలేదాకా పునాది తవ్వించకు.

ఎందుకంటున్నానంటే, మా వార్డులో ఒకావిడ ఉండేది, ఏడాదిన్నర పిల్లాడికి న్యుమోనియా. మూడో రోజుకి జ్వరం దిగింది గానీ ఆయాసం ఇంకా ఉంది. మధ్యాహ్నం ఇంజెక్షన్ ట్రేతో వెళ్లేసరికి మంచం మీద దుప్పటి మడతపెట్టేసి, పిల్లాణ్ణి భుజాన వేసుకుని, కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకుంటోంది. ఐదున్నరకి వాళ్ల ఊరికి ఆఖరి బస్సు, ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలు, పైగా చెనక్కాయ కోతల రోజులు, ఆ కూలి పోతే మళ్లీ దొరకదు. మందులన్నీ ఫ్రీయే కదమ్మా, ఇంకో రెండు రోజులుండు అన్నాను. "మందులకి మీరున్నారు సిస్టరమ్మా, నా అన్నానికి ఎవరున్నారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఐదో రోజు మళ్లీ తీసుకొచ్చేటప్పటికే పిల్లాడి పెదాలు నీలంగా ఉన్నాయి, దక్కలేదు.

ఆ తర్వాతే తల్లికి రెండు పూటలా భోజనం, రానుపోను ఛార్జీలు, వెంట వచ్చిన చిన్నపిల్లలు పడుకోవడానికి చోటు ఏర్పాటు చేశాం. మధ్యలో వెళ్లిపోయేవాళ్లు కళ్లముందే తగ్గారు. నీ దాత దగ్గర ముందు దీనికి అడుగు. అన్నం పెట్టినదానికి శిలాఫలకం ఉండదని ఆయన వెనకాడితే, ఆ తల్లి సంగతి నేనే వచ్చి చెప్తాను.

బత్తలపల్లి ఆసుపత్రి చూసే నీకీ ఆలోచన వచ్చిందని నాకు తెలుసు. విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చింది 1969లో, బత్తలపల్లి ఆసుపత్రి తెరిచింది 2000లో. ఆ మధ్య ఏళ్లలో ఆయన పెట్టిన ఆర్డీటీ సంస్థ వాళ్లు ఊళ్లలో తిరిగారు, ఊరి ఆడవాళ్లకే ఆరోగ్య పనులు నేర్పారు. పెద్ద బిల్డింగ్ లేచేసరికి బిడ్డని ఎప్పుడు తీసుకెళ్లాలో చెప్పే మనిషి ఊళ్లోనే ఉంది. నీకు ముప్పై ఏళ్లు అక్కర్లేదు గానీ, చుట్టుపక్కల మండలాల్లో ఆశా కార్యకర్తలతో, అంగన్‌వాడీ టీచర్లతో మంచి పరిచయం మాత్రం తప్పదు.

మదురై అరవింద్ కంటి ఆసుపత్రి మాట కూడా ఎత్తావు. నిజమే, 1976లో పదకొండు పడకలతో మొదలై, డబ్బిచ్చే రోగుల ఆదాయంతో ఫ్రీ రోగులకి ఆపరేషన్లు చేస్తూ అంత పెద్దదయింది. కానీ బాబూ, శుక్లం ఆపరేషన్‌కి ముందే తేదీ ఇవ్వొచ్చు, ఫిట్స్‌తో అర్ధరాత్రి వచ్చే బిడ్డకి ఇవ్వలేం. పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ నర్సులే అసలు ఖర్చు. అందుకే బిల్డింగ్ డబ్బుతో పాటు కనీసం మూడేళ్ల జీతాలు చేతిలో ఉంటేనే కొత్త వార్డు తెరువు. కంపెనీలు సమాజసేవకి ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు మీద ఆశ పెట్టుకుంటే, ఈ ఏడాది ఇచ్చిన కంపెనీ వచ్చే ఏడాదీ ఇస్తుందని అనుకోకు. ఆరోగ్యశ్రీలో అయ్యే కేసు అందులోనే చెయ్యి, చందా డబ్బు కార్డు లేని వలస కూలీల పిల్లలకి ఉంచు. నర్సుల్ని మాత్రం నీ మండలాల్లోంచే తీసుకో, మంచి హాస్టల్ కట్టు. బయటనుంచి వచ్చినవాళ్లు రెండేళ్లు పని నేర్చుకుని బెంగళూరు వెళ్లిపోతారు, వాళ్లని తప్పుపట్టలేం.

ఇంకొకటి, ఇది నాకు చాలా టెన్షన్ పెట్టే విషయం. నెలలు నిండని బిడ్డల కోసం కొత్త యూనిట్ పెడతానన్నావు. ఆక్సిజన్ పెట్టి ప్రాణం నిలబెడతాం, ఆ ఆక్సిజనే ఎక్కువైతే చూపు పోవచ్చు. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల లోపు ఉన్నా, పుట్టిన 30 రోజుల లోపు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష జరగాల్సిందే, మరీ చిన్న బిడ్డలకి ఇంకా ముందే. బిడ్డ ఇంటికెళ్లిపోయినా ఆ తేదీ మారదు, కాబట్టి ఫోన్ చేసి పిలిపించే మనిషొకరు ఉండాలి. కంటి డాక్టరు ఏ రోజు వస్తారో రాతపూర్వకంగా ఖాయం చేసుకున్నాకే, బిడ్డని వెచ్చగా ఉంచే మొదటి వార్మర్ కొను.

ఉగాది తర్వాత నేను వస్తాను. గెస్ట్‌హౌస్ వద్దు, నర్సుల హాస్టల్లో ఒక మంచం చాలు. ఆ నోట్‌బుక్ టేబుల్ మీద ఉంచు, ముందు అది చూసి, బిల్డింగ్ ప్లాన్ తర్వాత చూద్దాం.

నీ సిస్టరమ్మ