అస్థిపంజరం పోస్టరు కోసం 401కె లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: ఫ్రీమాంట్‌లో ఉంటాం. నాకు 38 ఏళ్లు, హెచ్1బి మీద ఉన్నాను. 1960ల నాటి శాన్‌ఫ్రాన్సిస్కో రాక్ కచేరీల పోస్టర్లు సేకరిస్తాను. 22 ఉన్నాయి, 30 వేల డాలర్ల దాకా పెట్టాను. వాటిలో రిక్ గ్రిఫిన్ చేసిన ఎగిరే కనుగుడ్డు పోస్టరు హాల్లో పడమటి కిటికీకి ఎదురుగా పెట్టాను. ఇప్పుడు గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బ్యాండ్ అస్థిపంజరం-గులాబీల పోస్టరు, మొదటి ముద్రణ, వేలానికి వస్తోంది. 18 వేలకు రావచ్చు. 401కె (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) మీద లోన్ తీసుకుని కొందామనుకుంటున్నాను. పెట్టుబడే కదా అని నా ఉద్దేశం. మా ఆవిడ వద్దంటోంది.

జవాబు: నేనూ వద్దనే అంటాను. పోస్టరుకు వంక పెట్టడం లేదు. 1966 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో అవలాన్ బాల్‌రూమ్ కచేరీకి చిత్రకారులు స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ చేసిన పోస్టరది. ఉమర్ ఖయ్యాం రుబాయీలకు ఎడ్మండ్ సలివన్ ఎప్పుడో వేసిన బొమ్మను లైబ్రరీలో చూసి తీసుకున్నారు. మన దువ్వూరి రామిరెడ్డి గారు తెలుగు చేసిన ఖయ్యామే! అలాంటి కాగితం మీద మనసు పడితే తప్పేముంది? డబ్బు ఎక్కణ్నుంచి తెస్తున్నారన్నదే నా పేచీ.

ముందు లెక్క చూడండి. వేలంలో పాట 15 వేల దగ్గర ఆగితే, దాని మీద కొనేవాళ్ల కమీషన్ 20 శాతం అనుకుందాం. అదే మీ 18 వేలు. రేపు అమ్మేటప్పుడు వేలం సంస్థ మీ దగ్గర 10 శాతం కోసుకుంటే, 18 వేలు చేతికి రావాలంటే పాట 20 వేలకు వెళ్లాలి. అంటే ఆ కొత్తాయన కమీషన్‌తో కలిపి 24 వేలు కట్టాలి. ధర మూడో వంతు పెరిగితే మీకు అసలు దక్కుతుంది. సేల్స్ టాక్స్, ఇన్సూరెన్స్ ఇందులో కలపలేదు.

లాభం వచ్చినా ఇలాంటి సేకరణ వస్తువుల మీద ఫెడరల్ పన్ను, ఏడాది దాటాక కూడా, 28 శాతం దాకా ఉంటుంది. షేర్లకైతే గరిష్ఠం 20.

నాకు అసలు టెన్షన్ మీ వీసాతో. ఉద్యోగం పోతే హెచ్1బి మీద ఉన్నవాళ్లకు ఇంకో ఉద్యోగం చూసుకోవడానికో, దేశం వదలడానికో సాధారణంగా దొరికేది 60 రోజులు. పోస్టరు వేలానికి ఇచ్చి, పాట అయి, డబ్బు చేతికి రావడానికే నెలలు పడుతుంది. పైగా కంపెనీ వదిలాక తీరని 401కె లోన్ చాలా ప్లాన్లలో ఆ ఏటి టాక్స్ ఫైలింగ్ గడువులోగా సర్దుకోవాలి. లేదంటే దాన్ని విత్‌డ్రాయల్ కింద లెక్కేసి పన్ను వేస్తారు, మీ వయసుకు ఇంకో 10 శాతం పెనాల్టీ కూడా. ఇల్లు ఖాళీ చేస్తూ, చేతిలో చుట్టిన పోస్టరు పట్టుకుని ఈ లెక్కలు వేసుకోవాలా?

ఇంకో సంగతి. అప్పట్లో కచేరీకి ఇరవై ఏళ్ల వయసులో వెళ్లినవాళ్లకు ఇప్పుడు ఎనభై. వాళ్ల అటకల మీది సరుకంతా మెల్లగా బజారుకొస్తోంది. అవి కొనడానికి వాళ్ల మనవలు ఎగబడతారని నేనైతే పందెం కాయను.

అయినా కావాలంటారా? మీ 22లో మళ్లీ చూడబుద్ధి కాని ఐదారింటిని అమ్మి, ఆ డబ్బుతో వెళ్లండి. తక్కువ పడితే బోనస్ వచ్చేదాకా ఆగండి. ఆరు నెలల ఖర్చులకు దాచిన డబ్బు జోలికి మాత్రం పోవద్దు. కొనేముందు అది ఎన్నో ముద్రణో ఖాయం చేసుకోండి. ఈ పోస్టర్లకు గిరాకీ చూసి కచేరీల నిర్వాహకులే మళ్లీ మళ్లీ అచ్చేయించారు. కాగితం, కొలతలు, కింద చిన్న అక్షరాలు చూసి తేడా పట్టాలి. అంచులు కత్తిరించినా, వెనక అట్టకు అతికించినా ధర పడిపోతుంది. సర్టిఫికెట్ ఉంది కదా అని ఊరుకోకుండా పాత సేకర్త ఒకరికి చూపించండి.

అన్నట్టు, రిక్ గ్రిఫిన్ చేసిన ఎగిరే కనుగుడ్డు పోస్టరు హాల్లో పడమటి కిటికీకి ఎదురుగా పెట్టానని రాశారు. ఆ రంగులు ఎండకు ఆగవు. ఇవాళే తీసి లోపలి గదిలో పెట్టండి.