జేసీబీ రాకముందే తేల్చుకోవాల్సినవి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు తవ్వకాల మీదే వచ్చాయి. ఇల్లు కట్టేవాళ్ళు టైల్స్ గురించి నెల రోజులు తిరుగుతారు గానీ గుంతలు తవ్వే పని మాత్రం ఒక్క ఫోన్ కాల్‌లో మాట్లాడేసుకుంటారు, గొడవలన్నీ అక్కడే మొదలవుతున్నాయి, అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

బోడుప్పల్ నుంచి ఒక పాఠకురాలు: మాది 200 గజాల ప్లాటు సార్, జీ ప్లస్ టూ కడుతున్నాం. జేసీబీకి గంటకింత అని మాట్లాడుకున్నాం. నాలుగడుగులు దిగంగనే బండ తగిలింది. బ్రేకర్ పెట్టాలి, దాని రేటు వేరే, ఎన్ని గంటలైతదో చెప్పలేం అంటున్నరు. మావారు దుబాయ్‌ల ఉంటరు, నాకు తెల్వదని ఇట్ల చెప్తున్నరేమోనని భయంగా ఉంది. ఇంకొకాయన బ్లాస్టింగ్ చేస్తే ఒక్కరోజుల అయిపోతది అంటున్నడు. ఏం చేయమంటరు?

అమ్మా, బండ తగలడంలో మోసమేం లేదు. మన హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైట్ మీద, దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి అది. ఖాజాగూడ గుట్టల్లో పైకి కనిపిస్తున్న రాయే మీ ప్లాటులో నాలుగడుగుల కింద తగిలింది, అంతే. మట్టికీ బండకీ రేటు వేరుగా ఉండటం కూడా న్యాయమే. కాకపోతే ఆ రేటు కాగితం మీద రాసుకోకుండా బ్రేకర్, అదే బండ పగలగొట్టే మిషన్, మాత్రం ఆన్ చేయనివ్వకండి.

అంతకంటే ముందు ఒక పని చేయండి. మిషన్ పక్కన పెట్టించి, తగిలిన రాయి చుట్టూ ఇద్దరు కూలీలతో మట్టి తీయించి శుభ్రంగా కడిగించండి. అది విడిగా ఉన్న గుండా, ప్లాటు కింద పరుచుకున్న పలక బండా అనేది అప్పుడు తెలుస్తుంది. గుండు అయితే దాని కింద మళ్ళీ మొరమే, అంటే గులకరాళ్ళు కలిసిన గరుకు మట్టే, ఉండొచ్చు కాబట్టి పగలగొట్టో దొర్లించో బయటికి తీయాల్సిందే, దాని మీద ఫుటింగ్, అంటే పిల్లర్ కింద పోసే కాంక్రీటు దిమ్మ, పెట్టకూడదు. పలక బండ అయితే మాత్రం డబ్బు పెట్టి దాన్ని పగలగొట్టించే ముందు మీ స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని సైట్‌కి పిలవండి, ఫోటోలు వాట్సాప్ చేయడం కాదు, మనిషి రావాలి. డ్రాయింగ్‌లో పునాది లోతు ఇంత అని రాసేది మట్టి ఉంటుందన్న లెక్కతో. గట్టి బండే దొరికాక అంతకన్నా మంచి పునాది ఏముంటుంది, పైన లెవెల్ చేసి, రంధ్రాలు కొట్టి రాడ్లు దింపి అక్కడే ఫుటింగ్ పోసుకోమని ఆయన చెప్పే అవకాశం చాలా ఉంది. అలా చెప్తే మీ బ్రేకర్ ఖర్చులో చాలా భాగం మిగిలిపోతుంది. ఒకే ఒక్క చిక్కు, బండ వాలుగా ఉండి సగం పిల్లర్లు బండ మీద, సగం మొరం మీద పడితే ఇల్లు ఒక పక్క దిగి గోడలు చీలతాయి, దాన్నెలా సర్దాలో చెప్పాల్సింది కూడా ఆయనే, మేస్త్రీ కాదు.

బ్రేకర్ తప్పదంటే రెండు పద్ధతులున్నాయి. గంటల లెక్కయితే మిషన్ డాష్‌బోర్డు మీద అవర్ మీటర్ ఉంటుంది, పొద్దున మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు రీడింగ్ ఫోటో తీసుకుని ఆపరేటర్ ముందే బుక్కులో రాసుకోండి, భోజనం టైము, డీజిల్ కోసం ఆగిన టైము అందులో కలవకుండా చూసుకోండి. మీలా ఒంటరిగా చూసుకునేవాళ్ళకైతే నేను ఘనపుటడుగుల లెక్కే మేలంటాను. అదీ గుంతలో కొలిచి. పైకి తీసిన రాళ్ళ కుప్పని కొలిస్తే మధ్యలో ఖాళీలన్నీ మీ ఖాతాలో పడతాయి. కుప్ప కొలతే తీసుకోవాల్సి వస్తే సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రభుత్వ నిర్మాణ శాఖ) వాళ్ళు గట్టి రాయికి అందులో సగం, అంటే 50 శాతం, తీసేసి లెక్క కడతారు, మీరూ అదే అడగండి.

బ్లాస్టింగ్ మాటే వద్దు. దానికి 2008 ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ ప్రకారం లైసెన్సులు, పేలుడు చేసే మనిషికి సర్టిఫికెట్ ఉండాలి, పోలీసుల అనుమతీ కావాలి, చుట్టూ ఇళ్ళున్న కాలనీలో పక్కింటి స్లాబు చీలితే జవాబు చెప్పాల్సింది మీరే. బ్రేకర్ మోత కూడా ఇబ్బందైతే కెమికల్ పద్ధతి ఉంది, బండకి వరసగా రంధ్రాలు కొట్టి సున్నం లాంటి పొడి నీళ్ళలో కలిపి పోస్తారు, అది గట్టిపడుతూ ఉబ్బి దాదాపు ఒక రోజులో బండని చీలుస్తుంది. శబ్దం ఉండదు. పోసిన తర్వాత ఆ రంధ్రాల్లోకి ఎవరూ వంగి చూడకూడదు, ఒక్కోసారి వేడికి పైకి చిమ్ముతుంది, కళ్ళు పోతాయి. పిల్లల్ని అటు రానివ్వకండి.

కొండాపూర్ నుంచి ఒక పాఠకుడు: మా ఇంటి పక్కన కమర్షియల్ బిల్డింగ్ కోసం రెండు సెల్లార్లు తవ్వుతున్నారు, మా కాంపౌండ్ గోడ పక్కనే 20 అడుగుల పైన గుంత. మొన్న వానకి మా గోడ చీలింది. అడిగితే గట్టి మొరం సార్, ఏం కాదు అంటున్నారు.

మీరు ఇది చదివేలోపే చేయాల్సినవి ముందు చెప్తాను. ఆ గోడ వైపున్న గదుల్లో ఎవరినీ పడుకోనివ్వకండి, కారు, బైకులు తీసేయండి, అటు వైపు నీళ్ళ ట్యాంకు ఉంటే ఖాళీ చేయండి. మీ వైపు నేల మీద గోడకి సమాంతరంగా సన్నటి పగులు ఎక్కడైనా కనబడుతుందేమో చూడండి, టైల్స్ మధ్య గ్యాపు పెరిగినా సరే. అది కనబడితే మట్టి జారడానికి సిద్ధంగా ఉందని అర్థం, ఇంట్లోంచి వెంటనే బయటికి వచ్చి 100కి ఫోన్ చేయండి.

గట్టి మొరం అనే మాట నిజమే, కానీ అది ఎండలో చెప్పే మాట. మొరం పొడిగా ఉన్నప్పుడు కోసిన గోడలా నిటారుగా నిలబడుతుంది, అది చూసే అందరూ ధైర్యం తెచ్చుకుంటారు. నీళ్ళు దిగితే రేణువుల మధ్య పట్టు పోయి ఒక్కసారిగా పెళ్ళలు పెళ్ళలుగా ఊడి పడుతుంది, ముందుగా చెప్పదు. చాలా ఏళ్ళుగా వానాకాలంలో సెల్లార్లు తవ్వొద్దని జీహెచ్‌ఎంసీ ఆపుతున్నది ఇందుకే. ఐఎస్ 3764 అనే సేఫ్టీ కోడ్ ప్రకారం మట్టిలో 1.5 మీటర్ల కంటే లోతు కందకానికే పక్కలకి సపోర్టు పెట్టాలి, మీ పక్కన ఉన్నది 6 మీటర్లు. 2012 నాటి బిల్డింగ్ రూల్స్‌, అదే జీవో 168, ప్రకారం సెల్లార్ హద్దుకి ఆనుకుని తవ్వకూడదు, 1000 చదరపు మీటర్ల లోపు స్థలంలో కనీసం 1.5 మీటర్లు, 2000 వరకు 2 మీటర్లు, ఆపైన 3 మీటర్లు వదలాలి, ప్రతి అదనపు సెల్లార్‌కి ఇంకో అర మీటరు. టేపుతో కొలవండి, వాళ్ళ ప్లాను కాపీ అడగండి.

చీలిక మీద రెండు పక్కలా పెన్సిల్ గీతలు గీసి మధ్య దూరం, తేదీ గోడ మీదే రాసి రోజూ ఫోటో తీయండి. టౌన్ ప్లానింగ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి, ఒక కాపీ పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. బిల్డర్‌ని అడగాల్సింది నష్టపరిహారం ఒక్కటే కాదు, సపోర్టు. మొరంలోకి రాడ్లు దింపి, మెష్ కట్టి, కాంక్రీటు స్ప్రే చేసే సాయిల్ నెయిలింగ్ చేస్తారా, వరసగా పైల్స్, అంటే నేలలోకి లోతుగా దిగే కాంక్రీటు స్తంభాలు, దింపుతారా అనేది వాళ్ళ ఇంజనీర్ సంతకంతో కాగితం మీద ఇవ్వమనండి. తవ్విన మట్టి గుంత అంచున పోసి ఉంటే వెంటనే తీయించండి, ఆ బరువు కూడా అంచునే తోస్తుంది. ఆ గుంతలో షెడ్లు వేసుకుని కూలీ కుటుంబాలు ఉంటే మీ ఫిర్యాదులో అది మొదటి లైనులో రాయండి, దయచేసి. గోడ కూలితే ముందు పోయేది వాళ్ళ ప్రాణాలే.

ఉప్పల్ నుంచి: మా వీధిలో తవ్వేటప్పుడు ఇంటర్నెట్ కేబుల్, నీళ్ళ పైపు రెండూ తెగాయి, ముందే తెలుసుకునే దారి లేదా?

ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో తెచ్చిన కాల్ బిఫోర్ యు డిగ్ యాప్‌లో తవ్వేవాళ్ళు ముందే చెప్తే ఆ దారిలో కేబుల్స్ ఉన్న కంపెనీలకి కబురు వెళ్తుంది. నీళ్ళ లైనుకి మాత్రం మీ ఏరియా వాటర్‌బోర్డు లైన్‌మ్యాన్‌ని పిలిచి చూపించుకోవడమే మంచిది, అనుమానం ఉన్న చోట మొదటి మూడడుగులు మిషన్‌తో కాకుండా పారతో తవ్వించండి.

శంకర్‌పల్లి నుంచి: రోడ్డు మీద షాపులు కడుతున్నాం, 60 బై 40 అడుగులు. అంతా నల్లరేగడి. తవ్విన మట్టే బేస్‌మెంట్‌లో నింపేస్తా, మిగిలింది ఫ్రీగా చెరువు దగ్గర పోసేస్తా అంటున్నాడు కాంట్రాక్టర్. ఒప్పుకోవచ్చా?

రెండిటికీ వద్దనే నా మాట. నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుపోతుంది, దాన్ని ఫ్లోరు కింద నింపితే రెండు ఎండాకాలాల్లో మీ టైల్స్ లేచి షట్టర్లు పట్టేస్తాయి. దాన్ని తీసేసి మంచి మొరం తెప్పించి, ఆరేడు అంగుళాల పొరలుగా పోసి, నీళ్ళు కొట్టి రోలర్ తిప్పించాలి. ఎంత లోతు తీయాలన్నది సాయిల్ టెస్టు చెప్తుంది, బోరు వేసి చేయించండి, షాపులు కట్టడానికి అయ్యే దాంట్లో ఆ ఖర్చు లెక్కలోకే రాదు.

ఇక మట్టి. నాలుగడుగులు తీశారనుకుంటే 9,600 ఘనపుటడుగులు. బయటికి తీశాక మట్టి పొంగుతుంది, పావు వంతు అనుకున్నా 12,000. టిప్పర్ పెట్టె లోపల మీరే టేపు పెట్టి కొలవండి, 14 అడుగులు పొడవు, 7 వెడల్పు, 4 ఎత్తు ఉంటే 392 ఘనపుటడుగులు పడుతుంది, అంటే 31 ట్రిప్పులు. ఎవరైనా 50 ట్రిప్పుల బిల్లు ఇస్తే ఈ లెక్క ముందు పెట్టి అడగండి, అలాగే ప్రతి ట్రిప్పు నిండుగా పోయిందా లేదా అని గేటు దగ్గర ఒక మనిషిని పెట్టి చీటీ రాయించండి.

చెరువులో పోస్తానంటే మాత్రం ఆ కాంట్రాక్టర్‌నే మార్చుకోండి. ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు లోపల, శిఖం భూమిలో, అంటే చెరువు గర్భంలో, నాలాలో మట్టి పోయడం నేరం, 2024లో చెరువుల ఆక్రమణలు అడ్డుకునే హైడ్రా వచ్చాక మట్టి పోస్తున్న లారీలు పట్టుబడి కేసులవుతున్నాయి, లారీ దొరికితే మట్టి ఎవరి సైట్‌దని వెతుక్కుంటూ మీ దగ్గరికే వస్తారు. నల్లమట్టికి గిరాకీ ఉంది, చుట్టుపక్కల పొలాలు, నర్సరీలు, తోటల వాళ్ళు తీసుకుంటారు, ముందే నలుగురికి చెప్పి ఉంచండి. పాత గోడలు కూల్చిన ఇటుక, కాంక్రీటు ముక్కలైతే వేరే విషయం, వాటికి జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో రీసైక్లింగ్ ప్లాంట్లున్నాయి, మట్టిలో కలపకుండా విడిగా పంపండి. ఎక్కడ పోస్తున్నాడో ఆ స్థలం ఓనర్ ఒప్పుకున్నట్టు ఒక కాగితం కాంట్రాక్టర్ దగ్గర తీసుకుని, అది చేతిలో పడ్డాకే అడ్వాన్స్ ఇవ్వండి.