ఇంట్లో ఉంటూనే పాత ఇల్లు బాగు చేయించుకోవచ్చు, ముందు నీళ్ల దారి చూడండి

ఉండవచ్చు. మేము ఉన్నాం, నానమ్మతో, చంటిపిల్లతో సహా.

మీరు అడిగింది ఇదీ: హనుమకొండలో తాతల నాటి భవంతి ఇల్లు, అంటే నడుమ పైకప్పు లేని వాకిలి ఉన్న ఇల్లు, మట్టిగోడలు, పెంకుల కప్పు. అత్తగారు ఆ గడప దాటి రానంటున్నారు. ఇద్దరు చిన్నపిల్లలు. వచ్చి చూసిన ప్రతి మేస్త్రీ కూల్చేసి స్లాబు వేసుకోమంటున్నాడు. బాగు చేయించుకుంటే పని నడుస్తుండగా అందులోనే ఉండగలమా, దేనితో మొదలుపెట్టాలి? దేనితో మొదలుపెట్టాలో తేలితే ఉండగలమా అన్నది సగం తేలినట్టే. అందుకని అదే ముందు చెబుతాను.

మా ఇల్లు వరంగల్ మట్టెవాడలో. మా తాత అజంజాహి బట్టల మిల్లులో పనిచేస్తూ కట్టించారు. 1934లో మొదలైన ఆ మిల్లు జీతాల మీద లేచిన ఇళ్లు మా ఊళ్లో ఎన్నో ఉండేవి, ఇప్పుడు ఒక్కొక్కటే పోతున్నాయి. నడుమ ఆకాశం కనిపించే భవంతి, దాని చుట్టూ టేకు స్తంభాల వసారా, నాలుగు వైపులా అర్రలు, వెనక వంటిల్లు, దొడ్డి. గోడలు మూరెడు పైనే మందం ఉన్న మట్టిగోడలు, వాటి మీద డంగు సున్నం (గానుగలో రుబ్బిన సున్నం) పూత. కప్పు గూన పెంకులు, వంటింటి మీద మాత్రం తర్వాతి కాలంలో సిమెంటు రేకులు వేశారు.

ఇలాంటి ఇంటికి శత్రువు నీళ్లు. పైనుంచి కారే నీళ్లు దూలాల కొనలను కుళ్లబెడతాయి. కిందినుంచి ఎక్కే తేమ గోడ మొదలును తినేస్తుంది. తడి ఉన్నచోటికి చెదలు వెతుక్కుంటూ వస్తాయి. అందుకే పనుల వరుస నీళ్లను బట్టే ఉండాలి. కప్పు, చూరు, మోరి, గోడ అడుగు. ఆ తర్వాతే గచ్చు, రంగులు. చుట్టాలంతా మొదట టైల్సు గురించే అడుగుతారు, ఎందుకంటే ఖర్చు కంటికి కనిపించేది అక్కడే. మీరు మాత్రం ఆ మాట చివరిదాకా ఎత్తనివ్వకండి.

మా వాడలో ఇంకో సంగతి ఉంది, మీ దగ్గరా ఉండే ఉంటుంది. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వి తీయకుండా దాని మీదే పోస్తూ వచ్చారు. నా చిన్నతనంలో మూడు మెట్లెక్కితే అరుగు వచ్చేది, ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలింది. మిగతా రెండూ రోడ్డు కింద ఉన్నాయి. ఇల్లు కుంగలేదు, వీధి పెరిగింది. భవంతిలో పడ్డ వాననీరు వీధి మోరిలోకి పోవాల్సింది పోయి, వీధి నీళ్లే లోపలికి రావడం మొదలైంది. 2023 జులై చివర్లో వరంగల్‌లో ఎన్నో కాలనీలు మునిగిన ఆ వానలప్పుడు మా భవంతిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. మరమ్మతు మాట ఇంట్లో గట్టిగా లేచింది ఆ వాన తర్వాతే.

భవంతి నీళ్లు అసలు ఎటు పోయేవో మా బాపుకు కూడా సరిగ్గా తెలియదు. సుతారి మేస్త్రీ వసారా మూలన గునపం వేయబోతుంటే, స్తంభానికి ఆనుకుని కూర్చున్న నానమ్మ అరిచినంత పని చేసింది. "అక్కడ తవ్వకండి, నీళ్ల బాట అక్కడే ఉంది" అంది. బండలు జాగ్రత్తగా లేపి చూస్తే నిజంగానే రాతి పలకలు కప్పిన సన్నని మోరి. జానెడు వెడల్పు, లోపల సున్నపు పూత ఇంకా నున్నగానే ఉంది, వాలు వీధి వైపు. వీధి చివర మాత్రం రోడ్డు కాంక్రీటుతో మూసుకుపోయింది. ఆ మోరిని శుభ్రం చేయించి, దాని దారిని దొడ్డి వైపు తిప్పి, అక్కడ ఇంకుడు గుంతలోకి కలిపాం. గుంత గోడలకు వీలైనంత దూరంగా తీయించాం. మా ఇంటికి జరిగిన అసలు మరమ్మతు అదే అని నేను గట్టిగా నమ్ముతాను. నానమ్మను అద్దె ఇంటికి పంపించి ఉంటే ఆ మోరి గునపం దెబ్బకు పోయేది. మీ అత్తగారు రానంటున్నారని దిగులు పడకండి. ఆ ఇంట్లో ఏ గోడ ఎప్పుడు లేచిందో, ఏ తలుపు ఎప్పుడు మూశారో తెలిసిన మనిషి ఆమె ఒక్కరే అయి ఉండవచ్చు. పని మొదలుకాకముందే ఆమెను కూర్చోబెట్టుకుని అన్నీ అడిగి రాసుకోండి.

ఇక గోడలు. మేస్త్రీలు మొట్టమొదట చెప్పే మాట "పాత సున్నం గీకేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే గట్టిగా ఉంటుంది" అని. ఒప్పుకోకండి. మట్టిగోడ నేలలోంచి తేమను పీలుస్తుంది, సున్నపు పూత ఆ తేమను గాలిలోకి వదిలేస్తుంది. సిమెంటు వదలనివ్వదు. దాంతో తేమ గోడలోనే పైకి పైకి ఎక్కి, ఉప్పు పేరుకుని, చివరికి పూతనే పొరలుగా ఊడదీస్తుంది. మా చిన్నాయన వాళ్ల అర్రలో ఎప్పుడో సిమెంటు కొట్టించిన గోడ ఒకటి ఉండేది. చూడటానికి బాగానే ఉండేది. మేస్త్రీ వేలి కణుపులతో తట్టుకుంటూ పోతే నడుము ఎత్తున డొల్ల శబ్దం వచ్చింది. సుత్తితో చిన్నగా కొట్టగానే అరచేతులంత పెచ్చు ఊడిపడింది. వెనకాల మట్టి తడిసి, ఉప్పు తెల్లగా పూసి, వేలితో గీస్తే రాలిపోతోంది. పక్క అర్రలో సున్నం పూత అలాగే ఉన్న గోడ, అదే వయసుది, పొడిగా, రాయిలా ఉంది. గోడ అడుగున టైల్సు అతికించినా ఇదే జరుగుతుంది, తేమ టైల్సు దాటి ఇంకా పైన తేలుతుంది.

సున్నం పని తెలిసిన సుతారులు వరంగల్ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు, కానీ వెతుక్కోవాలి. పాత గుళ్ల మరమ్మతుల్లో పనిచేసినవాళ్లను వాకబు చేయండి. సున్నం బాగా నానాలి, ఒక పాలుకు మూడు పాళ్ల ఇసుక, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు. పూత ఎండకు గబగబా ఆరితే బీటలు వారుతుంది, తడి గోనెలు కప్పి మెల్లగా ఆరనివ్వాలి. సున్నం నానే గుంత దగ్గరికి పిల్లలను అసలు రానివ్వకండి. రాతిసున్నం నీళ్లలో పడగానే సలసల ఉడుకుతుంది, కంట్లో ఒక్క చుక్క పడినా చూపుకే ప్రమాదం.

గోడల్లో నిలువు బీటలుంటే ముందు భయపడకుండా కనిపెట్టి చూడండి. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది, దాంతో పాటే బీటలు తెరుచుకుని మూసుకుంటాయి. 1213 నాటి రామప్ప గుడికి పునాదిలో ఇసుక నింపిన సంగతి వినే ఉంటారు, మన ప్రాంతపు నేల గుణం అప్పటి శిల్పులకు బాగా తెలుసు. బీటకు అడ్డంగా సన్నని గాజుముక్కను అతికించి తేదీ రాయండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచినా పగలకపోతే పూత సరిపోతుంది. పగిలితే పునాది సంగతి ఇంజనీరుకు చూపించాల్సిందే.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మన దగ్గర వ్యవసాయం నిర్ణయిస్తుంది. నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో కూలీలు దొరకరు. మేడారం జాతర వచ్చిన ఏడాది మాఘంలో పని ఆగుతుంది, ఆగాలి కూడా, ఆ రోజుల్లో ఎవరినీ పిలవకండి. సంక్రాంతి వెళ్లగానే కప్పు విప్పడం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారాలు, వడగళ్లు వస్తాయి, అప్పటికి కప్పు తెరిచి ఉండకూడదు. ఒకేసారి మొత్తం విప్పనివ్వకండి. ఒక్కో అర్ర మీద విప్పి, చెడిన వాసాలు మార్చి, పెంకు పరిచాకే రెండోదాని మీదికి ఎక్కాలి. మేస్త్రీకి ఇది నచ్చదు, పని సాగుతుంది, కూలి కాస్త పెరుగుతుంది. అయినా ఇంట్లో మనుషులు ఉండగలిగేది ఇలా చేస్తేనే. మంచి టార్పాలిన్లు రెండు ముందే కొని పెట్టుకోండి.

కొయ్య విప్పేటప్పుడు ప్రతి దూలానికీ, స్తంభానికీ, దర్వాజకూ సుద్దతో కాకుండా రంగుతో నంబరు వేసి, అది ఎక్కడిదో పుస్తకంలో బొమ్మ గీసి పెట్టుకోవాలి. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి మళ్లీ నిలబెట్టడానికి ఎన్నేళ్లు పట్టిందో మీరూ చూశారు, 2024లో గానీ తెరవలేదు. ఇల్లు అంత పెద్ద పని కాదు, కానీ కలగాపులగమైన కొయ్య కుప్ప ముందు నిలబడ్డ వడ్రంగి చేసేది ఒక్కటే, కొత్తది కోస్తాడు. పాత టేకు మళ్లీ అలాంటిది దొరకదు. దర్వాజలు, స్తంభాలు కొంటామని మనుషులు వస్తారు, చేతిలో డబ్బు పెట్టుకుని మరీ వస్తారు. పని మధ్యలో డబ్బుకు ఇబ్బంది పడుతున్నప్పుడే వస్తారు. అమ్మకండి.

విప్పే పని రోజు కూలికి ఇవ్వండి, గుత్తకు ఇస్తే తొందరలో విరగ్గొడతారు. కొత్తగా పెట్టే పని గుత్తకు ఇవ్వవచ్చు, డబ్బు మాత్రం పని ఎంత అయితే అంతకే. ఇల్లు ఉమ్మడిదైతే పాలివాళ్లందరి సమ్మతి కాగితం మీద తీసుకోండి.

ఇప్పుడు ఉండే సంగతి. ఇంటిని రెండుగా విడదీయండి. ఒక సగంలో పడుకునే అర్ర, పొయ్యి, మరుగుదొడ్డి, నీళ్లు ఉండాలి, ఆ సగాన్ని రెండో సగం పూర్తయ్యేదాకా ఎవరూ ముట్టకూడదు. మధ్యలో మందపాటి ప్లాస్టిక్ పరదా, కింద తడి గోనె. మేము వంటను వసారా మూలకు మార్చాం. దుమ్ము మీరు ఊహించినదానికంటే లోపలికి వస్తుంది, బియ్యం డబ్బాలోకీ, మడతపెట్టిన చీరల్లోకీ. ఊరగాయ జాడీలు, పప్పులు, దేవుడి పటాలు ముందే తెలిసినవాళ్ల ఇంటికి చేర్చండి. సాయంత్రం పనివాళ్లు వెళ్లాక పొడిగా ఊడవకండి, తడిబట్టతో తుడవండి. అమ్మ రోజూ చేసిన పని అదే, ఆమె నడుము అప్పుడు పడ్డ కష్టం నేను మరిచిపోలేను. ఆ పనికి వేరే మనిషిని పెట్టుకోండి, అది దుబారా కాదు. కరెంటు పాత వైర్లనుంచి తీసేసి, విడిగా ఒక బోర్డు పెట్టించి, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే ఆగిపోయే బ్రేకరు వేయించండి. తడి గోడలు, పిల్లలు ఉన్నచోట దీని మీద బేరం వద్దు.

రెండు పనులప్పుడు మాత్రం పిల్లలూ అత్తగారూ ఇంట్లో ఉండకూడదు. ఒకటి, సిమెంటు రేకులు దించేటప్పుడు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పగిలితే లేచే నూగు ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. పైపుతో బాగా తడిపి, పగలకుండా బోల్టులు విప్పి దించాలి, కోయకూడదు. పనివాళ్లకు మంచి మాస్కులు మీరే కొనివ్వండి. రెండు, తలుపుల మీది పాత రంగు గీకేటప్పుడు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నుంచి అమలైంది. అంతకుముందు పొరలు పొరలుగా వేసిన రంగుల్లో సీసం ఉండవచ్చు, ఆ పొడి పసిపిల్లల మెదడుకు చేటు. గరుకు కాగితంతో పొడిగా రుద్దనివ్వకండి, తడిపి గీకించండి, రాలినదాన్ని ఎత్తి సంచిలో కట్టి తీసేయించండి. ఆ రోజుల్లో మా పాపను అమ్మమ్మగారింటికి పంపాం. నానమ్మ మాత్రం పక్కింటి అరుగు దాకానే వచ్చింది, అక్కడినుంచి తలుపులు కనిపిస్తాయని. మీ అత్తగారికీ అలాంటి చోటు ఒకటి చూడండి, ఎక్కడో దూరంగా అద్దె ఇల్లు అంటే రాకపోయినా, వాకిలి కనిపించేంత దగ్గర అంటే రావచ్చు.

కూల్చమన్న మేస్త్రీల మాటకు వస్తే, దూలాలు సగానికి పైగా పుచ్చిపోయి, గోడలు బయటికి ఒరిగి, గాజుముక్కలు పగులుతూ ఉంటే వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. అలా కాకపోతే, మే నెల ఎండలో మీ భవంతి వసారాలోనూ, పక్కనున్న స్లాబు ఇంట్లోనూ మధ్యాహ్నం కాసేపు కూర్చుని చూసి నిర్ణయించుకోండి. ఈ లోపు వానలున్నాయి కాబట్టి ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. గట్టి వాన పడ్డప్పుడల్లా నీళ్లు ఎక్కడ కారుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఏ గోడ ఎంత ఎత్తుదాకా తడిసింది సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఫొటో తీసి పెట్టుకోండి. సంక్రాంతికి మేస్త్రీ వచ్చినప్పుడు ముందు ఆ గుర్తులు చూపించండి.