కువైట్‌లో ఉన్న మనిషికి కడపలో ఇల్లు చూపించాలంటే

ఇళ్లు, షాపులు, ఫంక్షన్ హాళ్లను 360 డిగ్రీల వర్చువల్ టూర్‌గా చూపించడం గురించి కర్నూలు, అనంతపురం, కడప పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: కడప శివార్లలో మూడు సెంట్ల స్థలంలో మా అన్న అమ్మకానికి ఇల్లు కట్టినాడు. అడిగేవాళ్లలో చానామంది కువైట్‌లో ఉండే రాజంపేట, రాయచోటి వైపు వాళ్లే. ఫోన్‌తో పనోరమా తీసి పంపితే గోడలన్నీ విల్లులా వంగినట్టు ఉండాయి. ఇంట్లో తిరిగి చూసినట్టే చూపించాలంటే ఏ కెమెరా కావాలి? ఎన్ని ఫొటోలు తీయాలి?
— కడప పాఠకుడు

జవాబు: ఫోన్ పనోరమా ఒక పట్టీ మాత్రమే. అందులో నేల ఉండదు, పైకప్పు ఉండదు. మీకు కావలసింది ముందొకటి, వెనకొకటి లెన్స్ ఉండే 360 కెమెరా. రికో థీటా, ఇన్‌స్టా360 రకాలు మన దగ్గర వాడుకలో ఉన్నాయి. ఒక్క ఇంటి కోసం కొనొద్దు. పెళ్లి వీడియోలు తీసేవాళ్ల దగ్గర ఒక రోజు అద్దెకు దొరుకుతుందేమో అడగండి. కెమెరా ఏదైనా చివరికి వచ్చే ఫొటో వెడల్పు ఎత్తుకు సరిగ్గా రెండింతలు ఉండాలి. ఆ కొలత తప్పితే టూర్ సాఫ్ట్‌వేర్‌లో గది సాగిపోతుంది.

కెమెరా నిలబెట్టే చోటును పాయింట్ అంటారు. మీ ఇంటికి పన్నెండు పాయింట్లు చాలు: గేటు ముందు రోడ్డు మీద ఒకటి, వరండాలో ఒకటి, హాల్లో రెండు, వంటింట్లో ఒకటి, మూడు పడకగదుల్లో మూడు, బాత్‌రూముల్లో రెండు, మెట్ల మలుపులో ఒకటి, మిద్దె మీద ఒకటి. ఒక పాయింట్‌లో నిలబడితే తర్వాతి పాయింట్ కంటికి కనబడాలి. కనబడకపోతే మధ్యలో ఇంకొకటి కావాలి. లేదంటే టూర్‌లో ముందుకు పోను తెర మీది బాణం నొక్కిన మనిషి గోడలోంచి దూకినట్టు ఇంకో గదిలో తేలతాడు. ఇంటి ఆకారం మనసులో నిలవదు.

రోడ్డు పాయింట్‌ను మాత్రం ఎవరు వద్దన్నా వదలొద్దు. దూరాన ఉన్నవాళ్లు మొదట చూసేది వీధి వెడల్పు, పక్క ఇంటి గోడ, ఎదురుగా కరెంటు స్తంభం. అవి దాచిన టూర్‌ను నమ్మరు, నమ్మాల్సిన అవసరమూ లేదు.

స్టాండు సన్నని ఒంటికాలుది వాడండి, అడుగున చిన్న మూడు కాళ్లుంటే చాలు. లావు ట్రైపాడ్ అయితే నేలలో సగం అదే కనబడుతుంది. లెన్స్ ఎత్తు నేల నుంచి ఐదు అడుగుల దగ్గర పెట్టి, స్టాండు మీద టేపు అంటించి గుర్తు పెట్టుకోండి. ప్రతి గదిలో అదే ఎత్తు ఉండాలి. ఒక గదిలో ఐదు, పక్క గదిలో నాలుగున్నర అడుగులు పెడితే చూసేవాడికి గుంతలో దిగినట్టు ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా పాడయ్యేది అతుకు దగ్గర. రెండు లెన్స్‌ల బొమ్మలను కెమెరా తనే కలుపుతుంది. ఆ కలిపే గీత కెమెరా పక్క అంచుల వెంట పోతుంది. ఆ అంచు వైపు రెండు మూడడుగుల లోపల వస్తువేదైనా ఉంటే అది విరిగినట్టో, రెండుగానో వస్తుంది. తలుపు చట్రం సగం తెగి కనబడేది అందుకే. కాబట్టి కెమెరాను గుమ్మంలో పెట్టొద్దు, రెండు మూడడుగులు లోపలికి జరపండి. దగ్గరగా ఉన్న బీరువా, కిచెన్ గట్టు లాంటివి లెన్స్‌కు ఎదురుగా రావాలి. అంచు దూరపు గోడ వైపు ఉండాలి. ఇరుకు బాత్‌రూములో ఇది పెద్ద తిప్పలే: షవర్ గోడ ఒక లెన్స్‌కు, తలుపు ఇంకో లెన్స్‌కు ఎదురుగా పెట్టి తీయండి.

ఫ్యాన్లు ఆపి, రెక్కలు పూర్తిగా నిలిచాకే తీయండి. ఫోన్‌తో వైఫై మీద నొక్కి, మీరు పక్క గదిలో గోడ చాటున ఉండండి. ఎండాకాలం మిద్దె మీద పాయింట్ పొద్దున్నే ముగించండి. మన ఎండకు ఆ చిన్న కెమెరా వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది. కారు డాష్‌బోర్డు మీద మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు.

ఇంకొక మాట. 360 ఫొటోలో పదికి పది గది కూడా హాలులా కనబడుతుంది. ఆ చూపు అలాంటిది. అది చూసి మురిసి టికెట్ పెట్టుకుని వచ్చిన మనిషి గదిలో మంచం వేస్తే నడవను దారి లేదని తెలిసి తిరిగిపోతాడు. టూర్‌లో ప్రతి గదికీ తెర మీద ఒక గుర్తు పెట్టి, అది నొక్కితే లోపలి కొలత అడుగుల్లో వచ్చేట్టు చేయండి. టేపుతో గోడ నుంచి గోడకు కొలిచిన అంకె రాయాలి, ప్లాన్‌లోది కాదు. వీలైతే ఒక గదిలో ఆరడుగుల మంచం వేసి తీయండి. పరిమాణం కంటికే తెలుస్తుంది.

ప్రశ్న: మా ఫొటోల్లో కిటికీలు తెల్లగా కాలిపోయినట్టు, వంటింట్లో కడప రాతి అరలు నల్లటి గుంతల్లా వచ్చాయి. హాల్లో గోడ మీద అడ్డంగా చారలు కూడా ఉన్నాయి. కెమెరా చెడిపోయిందా?
— కర్నూలు పాఠకురాలు

జవాబు: కెమెరా బాగానే ఉందమ్మా. మీవి మూడు వేర్వేరు ఇబ్బందులు.

కిటికీ బయట వెలుతురుకీ గదిలో వెలుతురుకీ ఉన్న తేడాను ఒక్క ఫొటో పట్టుకోలేదు. ఒకే చోట కనీసం మూడు తీయాలి: ఒకటి మామూలుగా, ఒకటి రెండు స్టాపులు తక్కువ, ఒకటి రెండు స్టాపులు ఎక్కువ (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపో, సగమో కావడం). కెమెరాలో హెచ్‌డీఆర్ అని ఉంటే ఈ పని అదే చేసి మూడింటినీ కలుపుతుంది. మూడు తీసేలోగా కర్టెన్ కదిలితే దాని నీడలు రెండు మూడుగా వస్తాయి, అందుకని కిటికీ రెక్కలు మూయండి. వేళ కూడా చూసుకోండి. తూర్పు కిటికీ ఉన్న గదిని సాయంత్రం నాలుగున్నర తర్వాత, పడమటి కిటికీ ఉన్నదాన్ని పొద్దున తీస్తే సగం సమస్య అక్కడే పోతుంది.

చారలు ఎల్‌ఈడీ లైట్ల వల్ల. మన కరెంటు 50 హెర్ట్జ్, దానివల్ల చౌకరకం లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. కన్ను పట్టదు, కెమెరా పడుతుంది. షట్టర్‌ను, అంటే కెమెరా వెలుతురును లోపలికి తీసుకునే సమయాన్ని, ఆటోలో వదలక, సెకనులో వందో వంతు గానీ యాభయ్యో వంతు గానీ పెట్టండి. స్టాండు మీద ఉంది కాబట్టి అంతకంటే నెమ్మదిగా పెట్టినా నష్టం లేదు. వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్‌ఓ అంకెను 100, 200 దాటనివ్వొద్దు.

ఇక కడప రాయి. నల్లరాయి వెలుతురును మింగేస్తుంది. అరల కింద నీడ దానికి తోడు. ముందు తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి, దుమ్ము పట్టిన నల్లరాయి ఫొటోలో బూడిద రంగులో వస్తుంది. తర్వాత వంటింటి ట్యూబ్‌లైట్ వేసి, పై అరల్లో నాలుగు స్టీలు డబ్బాలు పెట్టండి. డబ్బాల మెరుపుతో అర లోతు ఎంతో కంటికి అందుతుంది. ఖాళీ నల్ల అరను ఎంత ఎడిట్ చేసినా ఆ లోతు రాదు.

ప్రశ్న: అనంతపురంలో మాది పట్టుచీరల షాపు. ఒకాయన 360 ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపినాడు. గూగుల్ మ్యాప్స్‌లో పెడితే తిరగడం లేదు, సాగదీసిన బొమ్మలా ఉంది. స్ట్రీట్ వ్యూ యాప్ వెతికితే దొరకలేదు. షాపులో అద్దాలు ఎక్కువ, ప్రతి అద్దంలో కెమెరా కనబడుతోంది.
— అనంతపురం వ్యాపారి

జవాబు: స్ట్రీట్ వ్యూ యాప్‌ను గూగుల్ 2023 మార్చిలో మూసేసింది. దాని కోసం వెతకొద్దు. విడి 360 ఫొటోలను మ్యాప్స్‌లోనే మీ షాపు పేజీ తెరిచి మామూలు ఫొటోల్లాగే పెట్టొచ్చు. వెడల్పు కనీసం 3840, ఎత్తు 1920 పిక్సెల్స్ ఉండాలి.

మీ ఫొటో తిరగకపోవడానికి కారణం వాట్సాప్. 360 ఫొటో లోపల 'ఇది గోళం' అని చెప్పే కంటికి కనబడని రాత ఉంటుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గడంతో పాటు ఆ రాత కూడా పోతుంది. తీసినాయన్ని అసలు ఫైళ్లు డాక్యుమెంటుగా గానీ, డ్రైవ్ లింకుగా గానీ పంపమనండి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు కూడా సేవ్ చేసేటప్పుడు ఆ రాతను తీసేస్తాయి. అలాంటప్పుడు ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంతో ప్రొజెక్షన్ టైప్ అన్నచోట ఈక్విరెక్టాంగ్యులర్ అని తిరిగి రాయించొచ్చు. ఒక్క నిమిషం పని.

అద్దాల్లో కెమెరా రాకుండా చేయడం మొత్తానికి కుదరదు. కెమెరా పలుచటి అంచును అద్దం వైపు పెడితే సన్నని కర్రలా మాత్రమే కనబడుతుంది, అద్దం రెండు మూడడుగుల కంటే దూరంగా ఉంటే అతుకు కూడా చెడదు. మిగిలింది ఎడిటింగ్‌లో తుడవండి.

మీరు అడగకపోయినా చీరల షాపుకు అసలు కీలకం రంగు. వాకిట్లోంచి ఎండ, పైన తెల్ల ఎల్‌ఈడీ, షోకేసులో పసుపు బల్బు కలిసి పడితే ఒకే ధర్మవరం చీర మూడు పాయింట్లలో మూడు రంగుల్లో వస్తుంది. షోకేసు పసుపు లైట్లు ఆర్పి, షాపు షట్టరు సగం దించి, ఒకే రకం లైటు కింద తీయండి. లైటు రంగుకు తగ్గట్టు తెలుపును సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు. 5000 కెల్విన్ దగ్గర మొదలుపెట్టి, తెల్ల కాగితం తెల్లగా కనబడే దాకా సరిచేసి, అన్ని పాయింట్లకూ అదే ఉంచండి.

ప్రశ్న: కర్నూలులో ఇళ్లు, ప్లాట్లు చూపించే పని చేస్తాను. టూర్‌లో దిక్సూచి పెట్టినాం. ఒక గదిలో తూర్పు అని చూపించింది పక్క గదిలో ఈశాన్యం అంటోంది. వాస్తు చూసేవాళ్లు గొడవ పడుతున్నారు.
— కర్నూలు పాఠకుడు

జవాబు: గొడవ పడటంలో వాళ్ల తప్పేమీ లేదు. టూర్ సాఫ్ట్‌వేర్‌కు ఉత్తరం ఎటో తెలియదు. ప్రతి పాయింట్‌కూ విడిగా 'ఈ ఫొటో మధ్య గీత ఉత్తరం నుంచి ఇన్ని డిగ్రీలు' అని అంకె ఇవ్వాలి. పానెల్లమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని నార్త్ ఆఫ్‌సెట్ అంటారు. మీవాళ్లు హాలు అంకెనే అన్ని గదులకూ వేసి ఉంటారు. ప్రతి గదిలో కెమెరా ఒక్కో వైపు తిరిగి ఉంటుంది గనక లెక్క తప్పింది.

కెమెరా ముందు ముఖాన్ని ఇల్లంతా వాకిలి వైపే ఉంచండి. అతుకు కోసం ఎక్కడైనా తిప్పాల్సి వస్తే గోడకు సమానంగా చూసుకుని సరిగ్గా 90 డిగ్రీలు తిప్పి, ఆ గది పేరు కాగితం మీద రాసుకోండి. అంకెకు 90 కలిపితే గానీ, తీసేస్తే గానీ సరిపోతుంది.

మొదటి అంకెను ఫోన్ దిక్సూచితో తీయొద్దు. ఇనుప గేటు, స్లాబులో కమ్మీలు, పక్కనే మోటారు, ఏదున్నా ముల్లు పక్కకు లాగుతుంది. ఉపగ్రహ పటంలో ఆ ఇంటి ముందు గోడనో, వీధి గీతనో చూసి ఉత్తరంతో ఎంత కోణం చేస్తోందో కొలవండి. ఇల్లు పది పదిహేను డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటే అదే అంకె రాయండి. 'తూర్పు వాకిలి' అని రాసి వదిలేస్తే చూడవచ్చినాయన తన దిక్సూచి తీసి వాకిట్లోనే వెనక్కి తిరుగుతాడు.

ప్రశ్న: టూర్ చేసినవాళ్లు ఏటా డబ్బు కట్టమంటున్నారు, కట్టకపోతే లింకు పనిచేయదట. వేరే దారి ఉందా? ఫోన్‌లో తెరుచుకోవడానికి కూడా చాలాసేపు పడుతోంది.
— కడప ఫంక్షన్ హాలు యజమాని

జవాబు: మేటర్‌పోర్ట్, కూలా లాంటి సేవల్లో టూర్ వాళ్ల సర్వర్‌లో ఉంటుంది. చందా ఆపితే లింకు ఆగిపోవచ్చు. బొమ్మరిల్లులా పైనుంచి మొత్తం హాలును చూపే మోడల్ కావాలంటే మేటర్‌పోర్ట్ లాంటిదే పనికొస్తుంది. ఫంక్షన్ హాలుకు ఆ ఖర్చు అక్కర్లేదనే మా అభిప్రాయం. పానెల్లమ్‌తో కట్టిన టూర్‌ను మీ సొంత వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చు, ఏటా సాఫ్ట్‌వేర్ చందా ఉండదు. ఫోల్డర్‌ను కంప్యూటర్‌లో నేరుగా తెరిస్తే బ్రౌజర్ అడ్డుకుంటుంది, నల్లటి తెర వస్తుంది. సర్వర్‌లోకి ఎక్కించాకే చూడండి. ఏ దారిలో చేయించినా అసలు 360 ఫొటోలన్నీ మీ చేతికి ఇవ్వాలని పని మొదలు కాకముందే రాయించుకోండి.

ఆలస్యానికి కారణం ఫొటో బరువు. 11,000 పిక్సెల్స్ వెడల్పున్న ఫొటోను ఉన్నదున్నట్టు పెడితే ఫోన్ మొత్తం దించుకునే దాకా ఏమీ చూపించదు. పాత ఫోన్లు 4096 దాటితే నల్ల తెర చూపిస్తాయి. 4096 వెడల్పుకు తగ్గించి పెట్టండి, లేదా ఫొటోను చిన్న పలకలుగా కోసి చూస్తున్న వైపు మాత్రమే దించే పద్ధతి వాడమనండి. హాలును రెండుసార్లు తీయించండి: ఖాళీగా ఒకసారి, పెళ్లి అలంకరణతో కుర్చీలు వేసి ఒకసారి. భోజనాల హాలు, పార్కింగు, పెళ్లికూతురి గది తప్పకుండా ఉండాలి. ఆడవాళ్లు మొదట అడిగేది ఆ గదినే.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు ఇంకా పునాదుల్లోనే ఉంది. మోడల్ ఫ్లాట్ టూర్ పెట్టి బుకింగ్‌లు తీసుకోవచ్చా?
— అనంతపురం బిల్డర్

జవాబు: రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం, 2016 ప్రకారం రిజిస్ట్రేషన్ కాకముందు ప్రకటించడం, బుకింగ్ తీసుకోవడం కుదరదు. ప్రకటన అంటే ఏ మాధ్యమంలోనిదైనా, టూర్ కూడా అందులోకే వస్తుంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు పన్నెండు సెంట్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా మినహాయింపు ఉంది. రిజిస్టరైతే ఆ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా ప్రకటనలో స్పష్టంగా కనబడాలి. స్టాండు కాళ్లను కప్పడానికి నేల మీద గుండ్రటి బొమ్మ ఎలాగూ వేస్తారు, నంబరును అందులోనూ, మొదటి తెర మీదా వేయండి.

పన్నెండో సెక్షన్ మోడల్ ఫ్లాట్‌ను పేరు పెట్టి మరీ చెబుతుంది. దాన్ని నమ్మి అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు అందులోని తప్పుడు సమాచారం వల్ల నష్టం వస్తే పరిహారం చెల్లించాలి. వాళ్లు తప్పుకుంటామంటే డబ్బు వడ్డీతో తిరిగివ్వాలి. కాబట్టి ఇవ్వబోయేది సాదా టైల్ అయితే టూర్‌లో గ్రానైట్ చూపించొద్దు. సోఫా, మంచం, ఫాల్స్ సీలింగ్ ధరలో లేకపోతే ఆ వస్తువు మీదే గుర్తు పెట్టి 'ఇది ధరలో లేదు' అని రాయండి.

ప్రశ్న: మేము కాపురం ఉంటున్న ఇంటినే అమ్మకానికి పెట్టాం. టూర్ నెట్‌లో పెడితే భయం లేదా?
— కర్నూలు గృహిణి

జవాబు: భయం ఉండాల్సిందే, జాగ్రత్త పడితే చాలు. 360 ఫొటోలో వెనక గోడ కూడా పడుతుంది. గోడ మీది కుటుంబ ఫొటోలు, పిల్లల స్కూలు ఐడీ కార్డులు, ఫ్రిజ్ మీద అంటించిన బిల్లులు, తాళాల గుత్తి ముందే తీసేయండి. బీరువా, లాకర్ ఉన్న మూలను ఖాళీ చేయలేకపోతే ఆ గదికి పాయింట్ వద్దు, మామూలు ఫొటో ఒకటి చాలు. సీసీ కెమెరాలు ఎటు చూస్తున్నాయో తెలియకుండా మసక చేయించండి. లింకుకు పాస్‌వర్డ్ పెట్టించి, ఫోన్‌లో మాట్లాడిన వాళ్లకే ఇవ్వండి. ఇల్లు అమ్ముడుపోయిన రోజే దాన్ని తీయించేయండి, కొన్నవాళ్ల ఇల్లు అది.