ఆ అంకె దేని దూరం? లేజర్ రేంజ్‌ఫైండర్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: వేటలో దూరం కొలవడానికి వాడే నా రేంజ్‌ఫైండర్ పెట్టె మీద 1000 గజాలు అని ఉంది. గోడల మీద, బోర్డుల మీద బాగానే పనిచేస్తోంది. 450 గజాల్లో నిలబడ్డ దుప్పి మీద మాత్రం గీతలే తప్ప అంకె రావడం లేదు. పరికరం పాడైందంటారా?

పాడవలేదండీ. పెట్టె మీద పెద్దక్షరాలతో వేసే దూరం రోడ్డు పక్క సూచిక బోర్డులాగా వెలుగును బాగా తిప్పికొట్టే వస్తువుకు సంబంధించినది. పరికరం ఒక లేజర్ మెరుపును పంపి, అది తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని కొలుస్తుంది. 1 మీటరు దూరం పోయి రావడానికి వెలుగుకు పట్టేది 6.7 నానోసెకన్లే. తిరిగొచ్చే వెలుగు చాలకపోతే లెక్కకు ఆధారమే ఉండదు, అప్పుడు మీకు గీతలే మిగులుతాయి. జంతువు బొచ్చు వెలుగును చాలావరకు మింగేస్తుంది, మిగిలింది నలుమూలలా చెదిరిపోతుంది. వానకు తడిసిన ముదురు రంగు బొచ్చయితే మరీ కష్టం.

కొనేముందు చూడాల్సింది మాన్యువల్లో చిన్నక్షరాలతో ఉండే 'చెట్టు', 'జింక' అంకెలు. జింక అంకె పెద్ద అంకెలో సగమో, అంతకన్నా తక్కువో ఉండటం మామూలే. ఆ అంకె కూడా ఇవ్వని పరికరం జోలికి పోవద్దన్నది మా సలహా. మీరు 300 మీటర్లకు మించి కాల్చరనుకుంటే, జింక మీద 500 మీటర్ల దాకా చదవగలిగేది చాలు. ఆ పైనున్న 200 మీటర్లూ వృథా కాదు. ఎర్రటి ఎండ, చెయ్యి వణుకు, తడి బొచ్చు కలిసి దాన్ని తినేస్తాయి.

ఉన్న పరికరంతోనే పని జరగాలంటే జంతువు పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు భుజం మీద గురిపెట్టండి, ఎదురుగా ఉన్నప్పుడు దొరికే ఒళ్లు తక్కువ. అప్పటికీ అంకె రాకపోతే జంతువుకు అంతే దూరంలో ఉన్న బండనో, చెట్టు మొదలునో కొలవండి. మిట్టమధ్యాహ్నం రాని రీడింగ్ సాయంత్రం ఎండ తగ్గాక అదే చోట రావచ్చు, ఎందుకంటే ఎండ వెలుగులోంచి తన మెరుపును వేరుచేసి పట్టుకోవడం పరికరానికి కష్టం.

ప్రశ్న: చదునైన గడ్డి మైదానంలో ఒకే జంతువును మూడుసార్లు కొలిస్తే 340, 410, 480 మీటర్లు వచ్చాయి. దేన్ని నమ్మాలి?

వెంటనే ఏదీ నమ్మకండి. లేజర్ కిరణం సన్నటి దారంలా సూటిగా పోతుందని చాలామంది అనుకుంటారు, కానీ దూరం పోయేకొద్దీ అది వెడల్పవుతుంది. ఎంత వెడల్పవుతుందో మిల్లీరేడియన్లలో చెబుతారు. 1 మిల్లీరేడియన్ అంటే 1000 మీటర్ల దగ్గర 1 మీటరు వెడల్పు. మీ పరికరం 1.5 మిల్లీరేడియన్లది అనుకుంటే 400 మీటర్ల దగ్గర వెలుగు మచ్చ 60 సెంటీమీటర్లు ఉంటుంది. జంతువు ఒంటి మీద అది పరవాలేదు. గురి కాస్త కిందికి జారి నేల మీద పడితేనే చిక్కు.

మీ కన్ను నేలకు 1.5 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. చదును నేల మీద 400 మీటర్ల దగ్గర గురిపెడితే, కిరణం కింది అంచు 333 మీటర్ల దగ్గరే నేలను తాకుతుంది, పై అంచు 500 మీటర్ల దాకా పోతుంది. ఈ మధ్యలో ఏ గడ్డిపరక గట్టిగా వెలుగును తిప్పికొడితే దాని దూరమే తెర మీద పడుతుంది. మీకొచ్చిన మూడు అంకెలూ ఈ హద్దుల్లోనే ఉన్నాయి చూడండి. బహుశా మూడూ గడ్డివే.

ఇలాంటి చోట నేలను ఎప్పుడూ కొలవకండి, నిలువుగా ఉన్నదాన్నే కొలవండి. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి సగం వదిలి బటన్ నొక్కండి. 300 మీటర్లు దాటితే ట్రైపాడ్ మీద పెట్టడమే మంచిది. ఐదారుసార్లు కొలిస్తే ఒకే అంకె ఒకటి రెండు మీటర్ల తేడాతో మళ్లీ మళ్లీ వస్తుంది. దాన్నే తీసుకోండి. సగటు మాత్రం కట్టకండి. రెండు వేర్వేరు వస్తువుల దూరాలకు సగటు కడితే వచ్చేది ఏ వస్తువు దూరమూ కాదు. కొనేటప్పుడు కిరణం వెడల్పు ఎంతో అడగండి. దూరపు వేటకు పెట్టె మీది 1000, 2000 కన్నా అదే ముఖ్యం.

ప్రశ్న: విల్లుతో వేటాడతాను. పొదల వెనక ఉన్న జంతువును కొలిస్తే ముందున్న కొమ్మ దూరం వస్తోంది. ఏ మోడ్ పెట్టుకోవాలి?

దూరపు వస్తువును చూపే మోడ్ పెట్టండి. కిరణానికి రెండు మూడు వస్తువులు తగిలినప్పుడు మొదటిదాని దూరం చూపాలా, చివరిదాని దూరం చూపాలా అన్నది చాలా పరికరాల్లో మనమే ఎంచుకోవచ్చు. కొమ్మల సందుల్లోంచి చూసేటప్పుడు చివరిది కావాలి. బయట మైదానంలో, వెనక చెట్లుంటే మొదటిది కావాలి. మైదానంలోకి వచ్చి మోడ్ మార్చడం మరిచిపోతే జంతువు వెనకున్న చెట్ల దూరం వస్తుంది. అందుకే కూర్చున్న చోటు మారినప్పుడల్లా మోడ్ చూసుకోవడం అలవాటు చేసుకోండి.

విల్లుకు ఈ తేడా చాలా పెద్దది. సెకనుకు 85 మీటర్ల వేగంతో పోయే బాణానికి 30 మీటర్ల పిన్ (ఒక్కో దూరానికి ఒకటిగా విల్లు మీద ఉండే గురి గుర్తు) పెట్టి 35 మీటర్లలో ఉన్న జంతువును కొడితే బాణం దాదాపు 10 సెంటీమీటర్లు కిందికి తగులుతుంది. గుండె, ఊపిరితిత్తుల చోటు తప్పి జంతువు గాయంతో పారిపోవడానికి అది చాలు. రీడింగ్ మీద అనుమానం ఉంటే బాణం వదలకండి.

జంతువు వచ్చాక కొలిచే పని తగ్గించుకోండి. మంచె ఎక్కగానే నాలుగు వైపులా గుర్తుపట్టగలిగే చెట్టు, బండ, చెద పుట్ట చూసుకుని, వాటి దూరాలు చిన్న కాగితం మీద గీసుకోండి. జంతువు ఆ బండ పక్కకు వచ్చేసరికి దూరం మీ చేతిలోనే ఉంటుంది. చెయ్యి కదిలించే పనీ ఉండదు.

ప్రశ్న: వాలు లెక్క చూపే మోడల్‌కు ఎక్కువ డబ్బు పెట్టాలా? మంచె మీంచి వేటకు అవసరమా?

మంచె వేటకైతే అంతగా అక్కర్లేదు, కొండ వేటకైతే తప్పనిసరి.

బాణమైనా తూటా అయినా ఎంత కిందికి దిగుతుందన్నది అది అడ్డంగా ప్రయాణించిన దూరాన్ని బట్టి ఉంటుంది, ఏటవాలు దూరాన్ని బట్టి కాదు. 6 మీటర్ల మంచె మీంచి, చెట్టు మొదలుకు 20 మీటర్ల దూరంలో ఉన్న జంతువును కొలిస్తే 20.9 వస్తుంది. ఆ 0.9 తేడాతో గురి తప్పదు. అదే కొండవాలు మీద 35 డిగ్రీల కోణంలో 40 మీటర్లంటే అడ్డ దూరం 33 మీటర్లే. 40 పిన్‌తో వేస్తే బాణం వీపు మీంచి పోతుంది. రైఫిల్‌తో 30 డిగ్రీల వాలులో 400 మీటర్లు చూపిస్తే 346 మీటర్లకు గురిపెట్టాలి.

వాలు లెక్క లేని పరికరం ఉన్నవాళ్లు ఈ గుణకాలు రాసి దాని పట్టీకి అతికించుకోండి: 15 డిగ్రీలకు 0.97, 20కి 0.94, 25కి 0.91, 30కి 0.87, 35కి 0.82, 40కి 0.77, 45కి 0.71. చూపిన దూరాన్ని దీనితో గుణిస్తే సరి. పైకి కాల్చినా కిందికి కాల్చినా లెక్క ఒకటే. పైకి కాల్చేటప్పుడు గురి ఎత్తాలన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది పొరపాటు.

వాలు లెక్క ఉన్న పరికరమైతే తెర మీద కనిపించేది అసలు దూరమా, సరిచేసిన దూరమా అన్నది ముందే తేల్చుకోండి. కొన్ని రెండూ ఒకదాని కింద ఒకటి చూపిస్తాయి. సరిచేసిన అంకెను మళ్లీ గుణకంతో తగ్గిస్తే ఒకే సవరణ రెండుసార్లు చేసినట్టవుతుంది.

ప్రశ్న: తెర మీది గురి గుర్తు చూపే చోటికే లేజర్ పోతోందని ఎలా నమ్మేది?

ఇది అందరూ అడగాల్సిన ప్రశ్న. కొత్త పరికరంలోనైనా గుర్తుకీ కిరణానికీ కొంచెం తేడా ఉండొచ్చు. కిందపడిన పరికరంలో తేడా పెరగొచ్చు.

100, 150 మీటర్ల దూరంలో వెనక ఆకాశం తప్ప ఏమీ లేని స్తంభం ఒకటి చూసుకోండి. పరికరాన్ని ట్రైపాడ్ మీద పెట్టి, బటన్ నొక్కి పట్టి స్కాన్‌లో, అంటే ఆగకుండా కొలుస్తూ ఉండేలా ఉంచండి. ఎడమ నుంచి కుడికి నిదానంగా తిప్పుతూ, అంకె మొదలైన క్షణాన గుర్తు స్తంభానికి ఎటువైపు ఎంత దూరంలో ఉందో చూడండి. తర్వాత కుడి నుంచి ఎడమకు చేయండి. రెండు వైపులా సమానంగా ఉంటే కిరణం గుర్తు మధ్యలోనే ఉన్నట్టు. నీళ్ల ట్యాంకు పై అంచులాంటి అడ్డగీత మీద పైకీ కిందికీ ఇదే చేయండి. ఒకవైపే తేడా వస్తే అసలు గురిపెట్టాల్సిన చోటేదో మీకు తెలిసిపోతుంది, అక్కణ్ణుంచి దాన్ని బట్టే పట్టుకోండి. చాలా పరికరాల్లో వెలుగు మచ్చ గుండ్రంగా కాకుండా ఒకవైపు పొడుగ్గా ఉంటుంది. ఆ పొడుగు అడ్డంగా ఉందా నిలువుగా ఉందా అన్నదీ ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

దూరం సరిగ్గా చెబుతోందో లేదో టేపుతో 20, 50, 100 మీటర్లు కొలిచి సరిచూసుకోండి. ఒక మీటరు అటూ ఇటూ అయితే బాగానే ఉన్నట్టు.

ప్రశ్న: నల్ల అంకెల తెర మంచిదా, ఎర్ర అంకెలదా?

వేట ఎక్కువగా తెల్లవారుజామున, మునిమాపున సాగుతుంది కాబట్టి ఎర్రటిది. చీకటి పొదల మీద ఎల్‌సీడీ నల్ల అంకెలు కలిసిపోయి కనపడవు. ఎర్ర తెర వెలుగు తగ్గించుకునే వీలుండాలి, లేకపోతే మసక వెలుతురులో అంకెల కాంతికే జంతువు కనపడకుండా పోతుంది. ఎండలో, మంచు మీద ఎర్ర అంకెలు వెలిసిపోయినట్టుంటాయి, అప్పుడు వెలుగు పెంచుకోవాలి. విల్లుకు 4 నుంచి 6 రెట్లు పెద్దది చేసి చూపేది చాలు. అంతకన్నా ఎక్కువైతే చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది.

ప్రశ్న: చలిలో బ్యాటరీ చచ్చిపోతోంది. పొగమంచులో తప్పు అంకెలు వస్తున్నాయి. కారు అద్దంలోంచి కొలవొచ్చా?

పరికరాన్ని లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచుకోండి, ఇంకో బ్యాటరీ వెంట పెట్టుకోండి. ఎక్కువ పరికరాలు వాడేది 3 వోల్టుల సీఆర్2 లిథియం బ్యాటరీ. కొన్ని రీఛార్జబుల్ సీఆర్2లు నిండా ఛార్జయినప్పుడు 3 వోల్టులు దాటతాయి, అందుకని మాన్యువల్ ఒప్పుకుంటేనే వాడండి. పొగమంచు బిందువులే వెలుగును తిప్పికొడతాయి కాబట్టి దగ్గరి అంకెలు వస్తాయి. చివరి వస్తువు మోడ్‌తో కొంత మేలుంటుంది, మంచు దట్టంగా ఉంటే ఏదీ పనిచేయదు. అద్దంలోంచి కొలవకండి, చాలాసార్లు అద్దమే అడ్డుపడుతుంది. ఇంకొక సంగతి, మీ స్కోప్ (రైఫిల్ మీది గురి దుర్భిణి) లెక్కలు మీటర్లలో ఉంటే పరికరాన్నీ మీటర్లలోకి మార్చండి. 300 మీటర్లంటే 328 గజాలు. బ్యాటరీ మార్చాక కొన్ని పరికరాల్లో ఆ సెట్టింగ్ మొదటికొస్తుంది, అందుకని బ్యాటరీ వేయగానే ఒకసారి చూసుకోండి.